బండి దానంతట అది కదిలితే: రైల్వే అత్యవసరాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డ్రైవరు లేకుండా పరుగెత్తిన బండ్ల గురించే. కాబట్టి వాటినే ముందు తీసుకున్నాం. నిబంధనల్లోని అంకెలు, వేరే దేశం అని చెప్పనంతవరకు, భారతీయ రైల్వే బ్రాడ్‌గేజివి.

ప్రశ్న: ఎయిర్ బ్రేకులో గాలి పోతే బ్రేకు దానంతట అదే పడుతుందంటారు. మరి ఆపి ఉంచిన గూడ్సు బండి, గాలి పోయాక కదలడమేమిటి? ఎంత ఆలోచించినా లెక్క కుదరడం లేదు.

జవాబు: రెండూ నిజమే. బండి పొడవునా ఒక బ్రేక్ పైపు ఉంటుంది. అందులో గాలి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో ఉంటుంది. ప్రతి వ్యాగన్ కిందా ఒక గాలి ట్యాంకు, ఒక బ్రేక్ సిలిండరు, వాటి మధ్య డిస్ట్రిబ్యూటర్ వాల్వు ఉంటాయి. పైపులో ఒత్తిడి పడిపోగానే ఆ వాల్వు ట్యాంకులోని గాలిని సిలిండరులోకి వదులుతుంది. సిలిండరులో సుమారు 3.8 కిలోల ఒత్తిడి ఎక్కి, బ్రేకు బ్లాకులు చక్రాలను పట్టేస్తాయి. అందుకే గొట్టం తెగినా, బండి రెండు ముక్కలైనా బ్రేకు పడుతుంది.

అయితే అలా చక్రాన్ని పట్టుకుని ఉన్నదీ గాలే కదా. పిస్టన్ ప్యాకింగు దగ్గర, జాయింట్ల దగ్గర అది కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ కంప్రెసరు కొత్త గాలి ఇస్తుంది. ఇంజన్ ఆపేస్తే ఇక ఇచ్చేవాళ్లు లేరు. ఒక వ్యాగన్ రోజంతా పట్టుకుని ఉండొచ్చు, పక్క వ్యాగన్ గంటలోనే వదిలెయ్యొచ్చు. ఏది ఎప్పుడు వదులుతుందో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

ఇంకో మెలిక కూడా ఉంది. డిస్ట్రిబ్యూటర్ వాల్వును కావాలనే కాస్త మొద్దుగా తయారుచేస్తారు. 6 సెకన్లలో 0.6 కిలో ఒత్తిడి పడిపోతే అది వెంటనే పనిచెయ్యాలి. నిమిషానికి 0.3 కిలో చొప్పున నింపాదిగా తగ్గితే మాత్రం కదలకూడదు. లేకపోతే మామూలు లీకేజీకే దారిలో బండ్లు ఆగిపోతాయి. దీనివల్ల, నిలిపి ఉంచిన బండిలో పైపు గాలి మెల్లగా కారిపోతే వ్యాగన్ బ్రేకులు అసలు పడకుండానే పైపు ఖాళీ అయ్యే వీలుంది.

కెనడాలోని లాక్-మెగాంటిక్‌లో 2013 జూలై 6న 47 మంది ప్రాణాలు తీసిన ప్రమాదం ఇక్కడే మొదలైంది. 72 ట్యాంకర్ల ముడి చమురు బండిని కొండ మీద నాంట్ దగ్గర వాలులో నిలిపారు. ముందు ఇంజన్‌ను నడుస్తూ ఉంచి, దాని గాలి బ్రేకు మీద భరోసా పెట్టారు. హ్యాండ్ బ్రేకులు ఏడు మాత్రమే వేశారు. రాత్రి ఆ ఇంజన్‌లో మంటలు వస్తే అగ్నిమాపక సిబ్బంది ఆర్పి, నియమం ప్రకారం ఇంజన్ ఆపేశారు. కంప్రెసరు ఆగింది, ఇంజన్ల బ్రేకులో గాలి కారింది, గంటలోపే బండి కదిలింది. ఊరి మధ్య పట్టాలు తప్పేసరికి వేగం గంటకు 105 కిలోమీటర్లు. ఆ బరువుకు, ఆ వాలుకు కనీసం 17 హ్యాండ్ బ్రేకులు కావాల్సిందని దర్యాప్తులో తేల్చారు.

ఏడు చాలతాయో లేదో బండి డ్రైవరు పరీక్షించకపోలేదు. కానీ ఇంజన్ల గాలి బ్రేకు వేసి ఉంచే ఆ పరీక్ష చేశారు. బండి కదల్లేదు, హ్యాండ్ బ్రేకులు పట్టాయనుకున్నారు. గాలి బ్రేకు పూర్తిగా వదిలి చూస్తేనే హ్యాండ్ బ్రేకుల అసలు బలం తెలుస్తుంది. గాలి బ్రేకు ఉన్నది బండిని ఆపడానికి. ఆగిన బండిని నిలబెట్టాల్సింది హ్యాండ్ బ్రేకు, వెడ్జీ (చక్రం కింద దూర్చే చెక్క ముక్క), గొలుసు.

ప్రశ్న: కదలడం మొదలుపెట్టినప్పుడు బండి మనిషి నడక కన్నా మెల్లగానే కదా పోతుంది? ఎవరో ఒకరు ఎక్కి ఆపెయ్యరా?

జవాబు: ఆ అవకాశం ఉండేది ఒక్క నిమిషమే. లెక్క చూడండి. 100 మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో ప్రతి టన్నునూ 10 కిలోల బలం కిందికి లాగుతుంది. రోలర్ బేరింగులున్న వ్యాగన్ ఒకసారి కదిలాక దాన్ని ఆపే ఘర్షణ టన్నుకు ఒకటిన్నర కిలోకు మించదు. మిగిలిన ఎనిమిదిన్నర కిలోలూ వేగం పెంచడానికే. మొదటి నిమిషం చివరికి బండి 150 మీటర్లు జరిగి, గంటకు 18 కిలోమీటర్లు అందుకుంటుంది. అప్పటికే కంకర మీద పరుగెత్తి ఎక్కడం మామూలు మనిషి వల్ల కాదు. వాలు అలాగే సాగితే అయిదు నిమిషాలకు గాలి నిరోధం పోనూ 80 దాటుతుంది.

ఎక్కగలిగినా ఏం చేస్తారు? బొగ్గు మోసే బాక్స్-ఎన్ వ్యాగన్ నిండితే 81 టన్నుల పైచిలుకు. అలాంటివి 58 అంటే 4,700 టన్నులు. మనిషి చేతికి అందేది ఒక్క వ్యాగన్ హ్యాండ్ బ్రేకు చక్రం. దాన్ని బిగించి, దిగి, పక్కదాన్ని అందుకునేలోపు బండి దాటిపోతుంది. బ్రేక్ పైపులో గాలి ఇంకా మిగిలి ఉంటే ఏ చివరనైనా యాంగిల్ కాక్ (పైపు కొసన ఉండే కుళాయి లాంటి వాల్వు) తెరవడం అన్నిటికన్నా మంచి ఉపాయం. ఒక్కసారిగా గాలి పోతే బండి మొత్తానికీ బ్రేకు పడుతుంది. కానీ పారిపోయే బండ్లలో చాలావాటిలో ఆ గాలి ముందే ఖాళీ.

స్టేషన్ యార్డుల్లో వాలు 400కి 1 మించకూడదని, వీలైతే 1,200కి 1 ఉండాలని పెట్టింది ఇందుకే. 400కి 1 అంటే కంటికి చదునుగానే కనబడుతుంది. టన్నుకు రెండున్నర కిలోల లాగుడు మాత్రం ఉంటుంది. గట్టిగా గాలి వీచినా, షంటింగులో పక్క వ్యాగన్ తగిలినా అంతే సంగతులు.

ప్రశ్న: స్టేషన్ నుంచి వ్యాగన్లు దొర్లిపోయాయని తెలిసిన క్షణంలో స్టేషన్ మాస్టర్ చేసే మొదటి పని ఏమిటి?

జవాబు: ఆ బండిని ఆపే ప్రయత్నం కాదు. దాని దారిలో ఎవరూ లేకుండా చూడడం.

ముందు పక్క స్టేషన్‌కు బ్లాక్ పరికరం (స్టేషన్ల మధ్య గంటలతో సంకేతాలు పంపేది) మీద గంట కొడతారు. దీనికి విడిగా సంకేతాలున్నాయి. ఆరు దెబ్బలు, ఆగి నాలుగు అంటే వాహనాలు తప్పు దిశలో, లేదా సింగిల్ లైనులో అనుమతి లేకుండా, మీ వైపు దొర్లి వస్తున్నాయని అర్థం. ఆరు, ఆగి అయిదు అంటే డబుల్ లైనులో సరైన దిశలోనే వస్తున్నాయని. ఫోనులో వివరించే వ్యవధి లేనప్పుడు ఈ గంట ఒక్కటే మొత్తం కబురు చెప్పేస్తుంది. బ్రిటన్ పాత పద్ధతిలో ఇవే కబుర్లకు 2-5-5, 4-5-5 అని వేరే లెక్కలుండేవి.

వెంటనే ఆ మార్గంలో బండ్లన్నిటినీ నడిపించే సెక్షన్ కంట్రోలరుకు కబురు వెళ్లాలి. ఎదురొచ్చే బండ్లన్నిటినీ ఆయన స్టేషన్లలోనే ఆపిస్తారు. సెక్షన్‌లో ఉన్న లోకో పైలట్లకు వాకీటాకీలో చెబుతారు. గేట్‌మన్లు లెవల్ క్రాసింగులు మూసి, మళ్లీ చెప్పేదాకా తియ్యకూడదు. ముందున్న స్టేషన్లు ఖాళీ లైను ఒకటి చూసి దానికి పాయింట్లు (బండిని ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు) తిప్పుతాయి. ప్లాట్‌ఫారం లేని లైనైతే మేలు. ప్లాట్‌ఫారాల మీద జనాన్ని వెనక్కు జరపాలి. గంటకు 70, 80 కిలోమీటర్లతో లూప్‌లోకి (స్టేషన్‌లో మెయిన్ లైను పక్క లైనులోకి) మళ్లించిన బండి పాయింటు మీదే పట్టాలు తప్పే ప్రమాదం ఉంది కనుక, ముందంతా ఖాళీగా ఉంటే మెయిన్ లైనులోనే వదిలెయ్యడం చాలాసార్లు తెలివైన పని.

2024 ఫిబ్రవరి 25న జమ్ములోని కఠువాలో నిలిపి ఉంచిన 53 వ్యాగన్ల కంకర బండి డ్రైవర్లు లేకుండా పంజాబ్ వైపు జారి దాదాపు 70 కిలోమీటర్లు పోయింది. చూసినవాళ్లకు అది నిర్లక్ష్యం, నిజమే. కానీ దారి పొడవునా గేట్లు మూయించి, లైను ఖాళీ చేయించిన పని కూడా ఆ రోజే జరిగింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. చివరికి హోషియార్‌పుర్ జిల్లా ఊంచీ బస్సీ దగ్గర బండి నెమ్మదించాక పట్టాల మీద చెక్క దిమ్మలు పెట్టి ఆపారు.

ప్రశ్న: ఆ చెక్క దిమ్మలేవో మొదటి స్టేషన్‌లోనే పెట్టొచ్చు కదా?

జవాబు: వేగంలో ఉన్న చక్రం ముందు దిమ్మ పెడితే అది నుగ్గవుతుంది, లేదా ఎగిరిపడుతుంది. ఇనుప స్కిడ్ (చక్రం కింద పెట్టే ఇనుప అడ్డు) కూడా నడక వేగం దాటితే నమ్మదగింది కాదు. బండి ఎదురు వాలు ఎక్కుతూ తనంతట తాను నీరసపడినప్పుడు మాత్రమే అవి పనికొస్తాయి, అదీ వెనక్కి దొర్లకుండా పట్టడానికి. కఠువా బండి విషయంలో దిమ్మలతో పాటు మెరక కూడా పనిచేసింది. ఇసుక, కంకర కుప్పలదీ అదే కథ. వేగంగా వస్తున్న బండికి అడ్డం పెడితే పట్టాలు తప్పుతుంది. ఎక్కడ తప్పాలో మీరు నిర్ణయించుకున్నారా లేదా అన్నదే ప్రశ్న.

ప్రశ్న: ఓవర్‌హెడ్ కరెంటు తీసేస్తే?

జవాబు: ఎలక్ట్రిక్ ఇంజన్ శక్తి తీసుకుంటూ పోతున్న బండైతే లాగుడు ఆగుతుంది, అది లాభమే. వాలుకు జారుతున్న బండికి కరెంటుతో పనే లేదు. అయినా తీసేస్తారు. బండి పట్టాలు తప్పి స్తంభాన్ని కొడితే 25,000 వోల్టుల తీగ కిందపడుతుందని.

ప్రశ్న: వెనక నుంచి ఇంకో ఇంజన్ పంపి పట్టుకోవడం కథల్లో మాటేనా?

జవాబు: కాదు, జరిగింది. అమెరికాలోని ఒహాయోలో 2001 మే 15న సీఎస్ఎక్స్ కంపెనీ 8888 నంబరు ఇంజన్ 47 వ్యాగన్లతో డ్రైవరు లేకుండా యార్డు దాటింది. వాటిలో రెండు ట్యాంకర్లలో ఫినాల్ అనే విష రసాయనం ఉంది. ఇక్కడ తప్పు జరిగిన తీరు గమనించాలి. యార్డు షంటింగు కనుక వ్యాగన్ల గాలి గొట్టాలు కలపలేదు. బ్రేకు ఉన్నది ఇంజన్‌కే. ముందు పాయింటు తిప్పడానికి దిగబోతూ డ్రైవరు ఇంజన్ బ్రేకు వేసి, దానికి తోడు డైనమిక్ బ్రేకు (ఇంజన్ మోటార్లతోనే వేగం తగ్గించేది) పెట్టాననుకున్నాడు. పడింది పూర్తి శక్తి. ఇంజన్ బ్రేకు వేసి ఉండడంతో డ్రైవరు మెలకువను పరీక్షించే పరికరం కూడా పనిచెయ్యలేదు. పూర్తి శక్తి ముందు ఒక్క ఇంజన్ బ్రేకు ఎంత? కాసేపటికే బ్లాకులు కాలిపోయాయి.

పట్టాల మీద పెట్టిన డీరైలర్‌ను (బండిని పట్టాలు తప్పించే పరికరాన్ని) ఆ బండి లెక్కచెయ్యలేదు. చివరికి ఇంకో ఇంజన్ వెనక నుంచి వెళ్లి చివరి వ్యాగన్‌కు కప్లింగు వేసుకుని, తన డైనమిక్ బ్రేకుతో వెనక్కు లాగింది. వేగం గంటకు 18 కిలోమీటర్లకు దిగాక ఒక ఉద్యోగి పక్కన పరుగెత్తి ఎక్కి ఇంజన్ ఆపాడు. అప్పటికి 106 కిలోమీటర్లు వచ్చేసింది.

ఇది ప్రతిచోటా కుదిరే పని కాదు. ముందున్న బండి కన్నా కాస్త ఎక్కువ వేగంతో వెళ్లి, తగిలే క్షణానికి తేడా నడక వేగానికి తేవాలి. గట్టిగా తగిలితే రెండూ పడతాయి. పైగా తరిమే ఇంజన్‌లో ఉన్నవాళ్ల ప్రాణాలు పణంగా పెడుతున్నాం. వ్యాగన్లు వాలులో పోతుంటే ఒక్క ఇంజన్ డైనమిక్ బ్రేకు వేల టన్నుల్ని ఆపలేదు. ఒహాయోలో నేల చదును, బండిలో సగం వ్యాగన్లు ఖాళీ. అందుకే సాగింది.

ప్రశ్న: కావాలనే పట్టాలు తప్పిస్తారా? అది నేరం కాదా?

జవాబు: తప్పిస్తారు. ఊరి మధ్య పడడం కన్నా ఎడారిలో పడడం నయం. ఆస్ట్రేలియా పడమటి భాగంలో 2018 నవంబరు 5న బీహెచ్‌పీ సంస్థ ఇనుప ఖనిజం బండి, 268 వ్యాగన్లు, 4 ఇంజన్లు, డ్రైవరు తనిఖీకి దిగగా కదిలిపోయింది. 92 కిలోమీటర్లు పోయాక కంట్రోలు రూము నుంచి పాయింటు తిప్పి మనుషులు లేని చోట పడగొట్టారు. అక్కడ ఆ నిర్ణయం సులువే. 2003 జూన్‌లో కాలిఫోర్నియాలో హ్యాండ్ బ్రేకుల్లేక దొర్లిన 31 వ్యాగన్లను కామర్స్ అనే ఊళ్లో సైడింగులోకి మళ్లించినప్పుడు మాత్రం అవి ఇళ్ల మీద పడ్డాయి. ఖాళీ స్థలం ఎంచుకునే వీలు అందరికీ ఉండదు.

మన దగ్గర ఈ నిర్ణయాన్ని అప్పటికప్పుడు తీసుకోనవసరం లేకుండా ముందే కట్టి పెట్టినవే క్యాచ్ సైడింగు, స్లిప్ సైడింగు. స్టేషన్ వైపు దిగే వాలు 80కి 1 కన్నా ఎక్కువైతే, పైనుంచి జారి వచ్చేవాటిని పట్టడానికి క్యాచ్ సైడింగు. స్టేషన్ నుంచి అవతలికి దిగే వాలు 100కి 1 కన్నా ఎక్కువైతే, స్టేషన్‌లో వ్యాగన్లు సెక్షన్‌లోకి పోకుండా స్లిప్ సైడింగు. మెయిన్ లైను నుంచి చీలి మెరక ఎక్కి, ఇసుకలో ముగుస్తాయి. పాయింటు మామూలుగా సైడింగు వైపే పెట్టి ఉంటుంది. ఘాటు (కొండ దారి) దిగే బండి ముందుగా ఆగి, అదుపులో ఉందని తేలాకే మెయిన్ లైనుకు దారి ఇస్తారు. ముంబై-పుణె మార్గంలోని భోర్ ఘాటులో, 37కి 1 వాలులో, ఇలాంటివి ఉన్నాయి.

ప్రశ్న: మా అబ్బాయికి కొత్తగా పాయింట్స్‌మన్ ఉద్యోగం వచ్చింది. బండిని నిలిపి కట్టే పని వరసగా చెప్పండి.

జవాబు: మొదట, గాలి బ్రేకు మీద నమ్మకం పెట్టుకోకుండా హ్యాండ్ బ్రేకులు. రెండు చివర్ల నుంచీ సాధారణంగా ఆరేసి వ్యాగన్లకు వెయ్యాలి. మీ జోన్ ఆదేశంలో, స్టేషన్ వర్కింగ్ రూల్స్‌లో ఇంకా ఎక్కువ రాసి ఉంటే అదే ఆఖరు మాట. చక్రం తిప్పడం ఆగిపోగానే బిగిసిందని అనుకోకూడదు. వంగి చూడాలి, బ్లాకు చక్రానికి ఆనిందా అని. తుప్పు పట్టిన గొలుసు మధ్యలో ఇరుక్కుంటే చేతికి బిగువుగానే తగులుతుంది, కింద బ్లాకుకూ చక్రానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంటుంది. అలాంటి వ్యాగన్‌ను లెక్కలోంచి తీసేసి పక్కదానికి వెయ్యాలి.

తరవాత చెక్క వెడ్జీలు, చివరి వ్యాగన్ల బయటి చక్రాల కింద, వాలు దిగే వైపు తప్పనిసరిగా. రైలు మీద చక్రానికి ఆనించి కొట్టాలి, ఊరికే పక్కన పడేస్తే లాభం లేదు. ఆ పైన గొలుసు చక్రం చువ్వల్లోంచో, బోగీ చట్రంలోంచో పోనిచ్చి రైలుకు చుట్టి తాళం వెయ్యాలి. తాళం చెవి స్టేషన్ మాస్టర్ దగ్గర ఉండాలి. పాయింట్లు మెయిన్ లైను నుంచి మళ్లించి, డెడ్ ఎండ్ వైపో, ట్రాప్ (జారిన బండిని మెయిన్ లైనుకు రానివ్వకుండా పట్టాలు తప్పించే చోటు) వైపో పెట్టి బిగించాలి. ఎన్ని హ్యాండ్ బ్రేకులు, ఎన్ని వెడ్జీలు, ఎన్ని గొలుసులు అన్నది రిజిస్టరులో రాసి లోకో పైలట్, ట్రైన్ మేనేజర్ (గార్డు), స్టేషన్ మాస్టర్ సంతకాలు పెట్టాలి. సంతకం పెట్టే ముందు నడిచి చూడాలి. ఇది ఊరికే ఇచ్చే సలహా కాదు, ఈ మొత్తం పనిలో ఎక్కువసార్లు ఎగ్గొట్టే భాగం ఇదే కనుక నొక్కి చెబుతున్నాం.

బండి తియ్యడానికి వచ్చినప్పుడు ఇదంతా తిరగేసి. ముందు ఇంజన్ తగిలించి, బ్రేక్ పైపు నింపి, చివర కనీసం 4.8 కిలోలు వచ్చిందని చూసి, ఇంజన్ బ్రేకు వేశాకే గొలుసులు విప్పాలి. గొలుసు ముందు విప్పేసి ఇంజన్ కోసం ఎదురుచూడడం ప్రమాదాన్ని పిలవడమే.

ఒంటరి వ్యాగన్, ట్రాలీ అయినా ఇంతే జాగ్రత్త. బ్రిటన్‌లోని టీబే దగ్గర 2004 ఫిబ్రవరి 15న పట్టాలు మోసే చిన్న బండి బ్రేకులు పనిచెయ్యక, కింద పెట్టిన చెక్క జారి, చీకట్లో చప్పుడు లేకుండా కిలోమీటర్ల దూరం దొర్లి, పని చేసుకుంటున్న నలుగురిని చంపేసింది.

ప్రశ్న: ప్రయాణికుడు గొలుసు లాగితే డ్రైవరుకు సంబంధం లేకుండా బండి ఆగుతుందా?

జవాబు: గొలుసు లాగితే ఆ పెట్టెలో ఒక వాల్వు తెరుచుకుని బ్రేక్ పైపు గాలి బయటికి పోతుంది. లోకో పైలట్‌కు ఒత్తిడి ముల్లు పడడం, గాలి ప్రవాహం సూచీ పెరగడం కనిపిస్తాయి. బ్రేకు కొంత పడుతుంది, మిగతాది ఆయన వేస్తారు. వంతెన మీదో సొరంగంలోనో ఉంటే కాస్త దాటించి ఆపడమే మంచిది. ఆగాక సిబ్బంది ఏ పెట్టో కనుక్కుని, వాల్వు మూసి, పైపు మళ్లీ నింపుకోవాలి. సరైన కారణం లేకుండా లాగితే రైల్వే చట్టం 1989 సెక్షన్ 141 కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఈ సరిచేసే పని ఎంత నాజూకో 1988 జూన్ 27న పారిస్ గార్ ద లియోన్‌లో తెలిసింది. ఒకరు అలారం లాగగా ఆగిన లోకల్ బండిలో బ్రేకులు వదలక, డ్రైవరు తెలియకుండా మొదటి పెట్టె వెనక బ్రేక్ పైపు వాల్వు మూసేశాడు. పైపులో గాలి ఇరుక్కుందనుకుని మిగతా పెట్టెల బ్రేకుల్లో గాలి తీసేశాడు. బండి కదిలింది. ఇక మిగిలినవి మొదటి పెట్టె బ్రేకులే. దిగుడులో బ్రేకులు పట్టడం లేదని రేడియోలో అరిచాడు గానీ తన బండి ఏదో చెప్పలేదు. సిగ్నల్ గదిలో ఏ బండో తేల్చుకోలేకపోయారు. నిలబడి ఉన్న బండిని గుద్దితే 56 మంది పోయారు. అందుకే రెండు అలవాట్లు. యాంగిల్ కాక్‌ను ముట్టుకున్న ప్రతిసారీ చివరి పెట్టె దాకా పైపు తెరిచి ఉందని పరీక్షించాకే బయల్దేరాలి. అత్యవసరంలో రేడియో పట్టుకుంటే మొదటి మాట బండి నంబరు, రెండోది ఉన్న చోటు, ఆ తరవాతే విషయం.

ప్రశ్న: ఘాటు దిగుతుండగా బ్రేకు పట్టడం లేదని తెలిస్తే లోకో పైలట్ ఏం చేస్తారు?

జవాబు: తెలిసే సమయానికి ఆలస్యం కాకుండా, వాలు మొదలవక ముందే బ్రేకు వేసి వేగం తగ్గుతోందా అని చూస్తారు. దిగుడులో ప్రధానంగా డైనమిక్ బ్రేకు వాడతారు. ఇంజన్ మోటార్లే జనరేటర్లుగా మారి వేగాన్ని తింటాయి. గాలి బ్రేకు తోడు. గాలి బ్రేకును వేసి, వదిలి, మళ్లీ వేసి, మళ్లీ వదిలి దిగితే ట్యాంకులు నిండే వ్యవధి ఉండదు. ప్రతి విడతకూ బలం తగ్గి, చివరికి హ్యాండిల్ తిప్పినా ఏమీ జరగదు. వేగం పెరిగాక బ్లాకులు కాగి పట్టు కూడా జారుతుంది. అందుకని గంటకు 30 అన్న చోట 32కే చర్య తీసుకోవాలి. 45 దాకా చూద్దామనుకుంటే అయిపోయినట్లే.

పట్టడం లేదనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీ బ్రేకు. వెనక ట్రైన్ మేనేజర్‌కు చెప్పి ఆయన వాల్వు కూడా తెరిపించాలి, ఎందుకంటే మధ్యలో ఎక్కడైనా యాంగిల్ కాక్ మూసి ఉంటే ముందు నుంచి తీసిన గాలి వెనక్కు పనిచెయ్యదు. ఇసుక వదలాలి, హారన్ మోగిస్తూనే ఉండాలి, కంట్రోలుకు చెప్పాలి. 1989 మే 12న కాలిఫోర్నియా కేజన్ కనుమలో 69 వ్యాగన్ల బండి అదుపు తప్పినప్పుడు రెండు విషయాలు కలిశాయి. సరుకు బరువు కాగితాల్లో చాలా తక్కువ వేశారు. కొన్ని ఇంజన్లలో డైనమిక్ బ్రేకు పనిచెయ్యడం లేదు. ఎమర్జెన్సీ వెయ్యగానే, ఆ ఇంజన్ల అమరిక ప్రకారం, మిగిలిన డైనమిక్ బ్రేకు కూడా తెగిపోయింది. బరువు కాగితం గుమస్తా పని అని తీసిపారెయ్యకండి. దిగే వేగం దాన్నిబట్టే నిర్ణయిస్తారు.

ప్రశ్న: నడుస్తున్న బండి రెండుగా విడిపోతే ముందు భాగం వెంటనే ఆగాలా, సాగాలా?

జవాబు: గొట్టం తెగగానే రెండు ముక్కలకూ బ్రేకు పడుతుంది కనుక చాలాసార్లు ఎంచుకునే పని ఉండదు. వెనక భాగం ఇంకా దొర్లుతుంటే మాత్రం అది వచ్చి గుద్దకుండా చూసుకోవడమే ముందు భాగం పని. హారన్ పొడవు, పొట్టి, పొడవు, పొట్టి. ట్రైన్ మేనేజర్ పగలు ఆకుపచ్చ జెండాను, రాత్రి తెల్ల దీపాన్ని నిలువుగా పైకీ కిందికీ ఊపుతారు. స్టేషన్లకు ఆరు, ఆగి మూడు గంటలు.

ప్రశ్న: పట్టాలు తప్పిన బండి పక్క లైనుకు అడ్డం పడితే సిబ్బంది పరుగెత్తి పెట్టే ఆ టపాకాయలు ఏమిటి? ఎంత దూరంలో?

జవాబు: డిటొనేటర్లు. చిన్న రేకు డబ్బీలు, రెండు పక్కలా సీసపు పట్టీలతో. రైలు మీద పెట్టి పట్టీలను రైలు తల కిందికి వంచితే జారవు. చక్రం ఎక్కితే పేలి, లోకో పైలట్‌కు ఆగమని చెబుతుంది. దగ్గర్లో నిలబడకూడదు, రేకు ముక్కలు తగులుతాయి.

ముందు ఇంజన్ ఫ్లాషర్ దీపం వెయ్యాలి. తరవాత, అడ్డం పడిన పక్క లైను, అదీ ఎదురు బండి వచ్చే వైపు. ఎర్ర జెండా చూపుతూ పరుగెత్తి, 600 మీటర్ల దగ్గర ఒకటి, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. వెళ్లే దారిలో ఆ మొదటి ఒక్కటి ఎందుకంటే, మీరు 1,200 చేరకముందే బండి వచ్చెయ్యొచ్చు. బ్రిటన్‌లో 2 కిలోమీటర్ల దగ్గర ఇరవయ్యేసి మీటర్ల ఎడంతో మూడు పెడతారు. అక్కడ రెండు పట్టాలనూ తీగతో కలిపే క్లిప్పు కూడా ఉంటుంది. దాన్ని తగిలించగానే ట్రాక్ సర్క్యూట్ (పట్టాల్లోని కరెంటుతో బండిని గుర్తించే ఏర్పాటు) బండి ఉందనుకుని సిగ్నల్‌ను ఎర్రగా మారుస్తుంది.

విరిగిన పట్టా మామూలు మనిషి కంటపడినా చెయ్యగలిగింది ఉంది. పట్టాల పక్కన నిలబడి, బండి వైపు తిరిగి, రెండు చేతులూ తలపైకి పూర్తిగా చాచాలి. రాత్రయితే ఏ దీపమైనా అడ్డంగా గట్టిగా ఊపాలి. దగ్గరి గేట్‌మన్‌కు గానీ 139కి గానీ చెప్పాలి, పక్కనున్న స్తంభం మీది కిలోమీటరు నంబరుతో సహా.

ప్రశ్న: పెట్టెలో మంటలు వస్తే?

జవాబు: బండి ఆపాలి, వంతెన మీదా సొరంగంలోనూ కాదు. పక్క లైను లేని వైపు జనాన్ని దించాలి. దించే హడావుడిలో పక్క లైను మీద నిలబడ్డవాళ్లు ఇంకో బండి కింద పడ్డ సందర్భాలున్నాయి. కాలే పెట్టెను విడదీసి, మిగతావాటికీ దానికీ మధ్య కనీసం 45 మీటర్ల ఎడం చెయ్యాలి. విడదీసిన పెట్టెకు హ్యాండ్ బ్రేకు, వెడ్జీ వెయ్యకపోతే ఇంకో ప్రమాదం మొదలవుతుంది. ఓవర్‌హెడ్ కరెంటు తీశారని రూఢి అయ్యేదాకా నీళ్లు కొట్టకూడదు, తీగకు 2 మీటర్ల లోపుకు వెళ్లకూడదు.

ప్రశ్న: కవచ్ (ప్రమాదం ఎదురైతే బండిని దానంతట అదే ఆపే రక్షణ వ్యవస్థ) వచ్చాక ఈ బాధలన్నీ పోతాయా?

జవాబు: సిగ్నల్ దాటడం, ఎదురెదురుగా రావడం, వేగం మించడం లాంటివాటికి కవచ్ గట్టి అడ్డు. లోకో పైలట్ నిద్రపోతే పట్టే పరికరం చాలా ఇంజన్లలో ముందునుంచే ఉంది. 60 సెకన్లు ఏమీ చెయ్యకపోతే దీపం, 8 సెకన్లకు బజరు, మరో 8 సెకన్లకు బ్రేకు. ఇవన్నీ ప్రాణమున్న ఇంజన్‌లోనే పనిచేస్తాయి. ఇంజన్ ఆపేసి, గాలి కారిపోయి, వాలులో నిలిపిన 50 వ్యాగన్లకు కవచ్ ఉన్నా లేనట్టే. వాటికి తాళం వేసిన గొలుసే కవచం.